ఓదార్పు కాఫీ

"రెండేసి కప్పులు," అంది తిత్తీనా. "పైన ముప్ఫై మంది కూర్చుని ఏడుస్తుంటారు, నీ మిషనేమో రెండేసి కప్పులిస్తుంది. ఆఖరివాడి చేతికి కప్పు అందేసరికి డొన్ వీతో సమాధిలో ఉంటాడు."

ఆనియెల్లో తల్లి మాటకి తలెత్తలేదు. వంటబల్ల సగం ఆక్రమించిన కొత్త ఎస్ప్రెసో మిషను ముందు వంగి, దాని ప్రెషరు ముల్లు ఎక్కడ ఆగుతుందా అని చూస్తున్నాడు. ముల్లు ఆగాల్సిన చోటే ఆగింది. సన్నటి ధార రెండు పాయలుగా కప్పుల్లోకి దిగింది, పైన తేనె రంగు నురగ కట్టింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అతను ఒక కప్పు తీసి గుటక వేసి, మొహం పక్కకి తిప్పుకుని, మిగిలింది తొట్లో పారబోశాడు.

"ఇది కాదు," అన్నాడు.

"మరేది?" అంది తల్లి. "మొన్నటిదాన్ని స్ప్రింగు వదులన్నావు. దాని ముందుదాన్ని వేడి చాలదన్నావు. గింజలు పొడి చేసే మర పళ్లు అరిగాయని మర మార్చావు. కొళాయి నీళ్లలో సున్నం ఉందని సీసా నీళ్లు మోసుకొచ్చావు. ఇక ఈ ఇంట్లో మార్చాల్సింది అమ్మనీ పెళ్లాన్నీ. ముందు ఎవర్ని మారుస్తావో చెప్తే మూట కట్టుకుంటాం."

తొట్టి దగ్గర గిన్నెలు తుడుస్తున్న ఎర్సీలియా చేయి అక్కడే ఆగిపోయింది. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు, అది కోడలికి కొత్త కాదు. కానీ అత్తగారికి తెలియని సంగతి ఒకటి ఆమెకి తెలుసు. ఈ మిషను మంచిదే. మొన్నటిదీ మంచిదే, దాని ముందుదీ మంచిదే. చెడిపోయింది తన మొగుడి ముక్కు.

చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ అతనికి వాసన తెలియకుండా చేసి పోయింది. అతను ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. పోయిన వారం తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటూ, పెట్టెని దాని మీదే వదిలేసి, చేయి చాపితే అందేంత దగ్గరలో కూర్చుని పేపరు చదువుకున్నాడు. బట్ట కమిలి, మాడి, పొగకి కళ్లు మండితే గానీ లేవలేదు. పక్క గదిలోంచి ఎర్సీలియా పరుగెత్తుకొచ్చింది. ఆ చొక్కాకి అటొకరు ఇటొకరు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ అర్థమైంది. ఇద్దరూ నోరెత్తలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో అన్ని మాటలూ నడుస్తున్నాయి, ఆ ఒక్కటీ తప్ప.

ఏ చెప్పుల కొట్టువాడికో ముక్కు పనిచేయకపోతే భోజనం చప్పబడుతుంది, అంతటితో సరి. ఆనియెల్లో కాఫీ గింజలు వేయించేవాడు. డొన్ ఫెర్రాంతె వేపుడు కొట్టులో, గింజలు వేగే పెద్ద డ్రమ్ము దగ్గర, గురువు డొన్ వీతో పక్కన నిలబడి మీసాలు రాని వయసునుంచీ పనిచేశాడు. జ్వరం తర్వాత గింజ చిటపటలాడే చప్పుడు విని, రంగు చూసి నెట్టుకొస్తున్నాడు. ఇక చాలు దించెయ్ అనే ఆఖరి మాట డొన్ వీతో అనేవాడు. ఆ డొన్ వీతో ఇవాళ తెల్లవారుతూండగా సరిగ్గా వీళ్ల నెత్తిమీది అంతస్తులో కన్నుమూశాడు. ఇక ఆ డ్రమ్ము ఆనియెల్లోదేనని మాతెర్దేయి వాడంతా అనుకుంటోంది.

చావు జరిగిన ఇంట్లో ఆ వాడవాళ్లు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తెచ్చి పెడతారు, అన్నిటికన్నా ముందు కాఫీ తెస్తారు. ఓదార్పు కాఫీ అంటారు దాన్ని. వద్దనకూడదు, కప్పులో మిగల్చకూడదు. పొద్దున్నే పైకి వెళ్లి డొన్ వీతో భార్య డొన్నా క్లెలియా చేతులు పట్టుకుని ఆనియెల్లో అడిగింది ఒక్కటే, మొదటి కాఫీ తనని చేయనివ్వమని. ఆవిడ ఏడుస్తూనే తలూపింది.

"దుప్పట్ల పెట్టెలో మా అమ్మ కుండ ఉంది," అంది తిత్తీనా కాస్త మెత్తబడి. "మీ నాన్న పోయినప్పుడు పక్కింటివాళ్లు అడిగి తీసుకెళ్లి దాంట్లోనే చేసి పెట్టారు. ఆ తర్వాత అవసరం రాలేదు. రాకపోవడమే మంచిదనుకో. తీసి దాంట్లో చెయ్యి."

ఆ కుండ సంగతి ఎర్సీలియాకి తెలుసు. అడుగున నీళ్లు, నడుమ పొడి, పైన కొమ్ము కిందికి చూస్తుండే ఖాళీ కుండ. నీళ్లు మరిగాక మొత్తం తలకిందులు చేస్తే కాఫీ తనంతట తాను నిదానంగా దిగుతుంది. దిగినంతసేపూ కొమ్ముకి కాగితం టోపీ ఒకటి తొడుగుతారు, వాసన గాలికి పోకుండా. దాంతో వచ్చిన చిక్కేమీ లేదు. చిక్కంతా అది ఉన్న చోటుతోనే. ఆ పెట్టెలో ఉన్ని దుప్పట్ల మధ్య గుప్పెళ్లకొద్దీ కలరా ఉండలు వేసింది స్వయంగా తనే.

"అది కలరా ఉండల్లో పడి ఉంది, అత్తయ్యా," అంది.

"ఉంటే? ఉత్తినే ఒకసారి మరగబెట్టి పారబోస్తాడు. ఇంకోసారి పాత పొడి వేసి పారబోస్తాడు. అప్పుడు ముక్కు పెట్టి చూస్తాడు. వాడికి నువ్వూ నేనూ నేర్పాలా?"

ఆనియెల్లో ఇంకా మిషను వైపే చూస్తున్నాడు. ఎర్సీలియా మొగుడి వీపుని చూసింది. ఏదో ఒకటి అనాలి, అనకపోతే జరగబోయేది ఆమెకి కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. నోటికొచ్చిన మాట అనేసింది.

"నేను తోముతాను. ఒక్కసారి సబ్బు పెట్టి శుభ్రంగా తోమేస్తే—"



సబ్బు. కాఫీ కుండకి సబ్బు. తిత్తీనా మెడలోని శిలువని పట్టుకుంది. ఆ ఊళ్లో కాఫీ కుండని నీళ్లతో తొలిచి బోర్లించడమే గానీ సబ్బు తాకించినవాళ్లు లేరు. లోపల ఏళ్ల తరబడి పట్టిన గోధుమరంగు పొరే దాని ప్రాణమని నమ్ముతారు. ఎర్సీలియా కూడా అదే నమ్ముతూ పెరిగింది. ఆ పొరే, మంచిదైనా చెడ్డదైనా, పక్కనున్న ప్రతి వాసననీ పీల్చి దాచుకుంటుందని కూడా ఆమెకి తెలుసు.

"మా అమ్మ కుండకా?" అంది అత్తగారు. కోపంతో కాదు, నమ్మలేక.

ఆనియెల్లో అప్పుడు తిరిగాడు. అతనికి కోపం రాలేదు, ఆశ్చర్యమూ కలగలేదు. సబ్బు మాట తన భార్య నోట ఎందుకొచ్చిందో ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు. మాడిన చొక్కా దగ్గర చూసినట్టే మళ్లీ చూశాడు. ఆమె ఇక ఆ మాట అనేస్తుందేమోనని భయపడ్డాడు.

"నా గురువుకి కాఫీ నేను చేస్తాను, ఎర్సీ," అన్నాడు. "నువ్వు పైకి వెళ్లు. డొన్నా క్లెలియాకి తోడుండు."

వెళ్లకుండా ఉండాల్సింది. వెళ్లింది. అత్తగారు జపమాల తీసుకుని ముందు నడిచింది, కోడలు గాజు కప్పుల పళ్లెం పట్టుకుని వెనక నడిచింది. ముక్కు పనిచేసేవాళ్లిద్దరూ అలా ఆ వంటిల్లు ఖాళీ చేసి మెట్లెక్కేశారు.

*

పైన లోపలి గదిలో డొన్ వీతోని నల్ల కోటు తొడిగి పడుకోబెట్టారు. ముందు గదిలో గోడవారగా కుర్చీలు వేశారు. ఎర్సీలియా కుర్చీలు సర్దింది, కిటికీ తలుపులు ఓరగా వేసింది, వచ్చినవాళ్ల కోట్లు అందుకుంది. చేతులు పనిచేస్తున్నాయి గానీ ఆమె చెవులు కింది వంటింట్లోనే ఉన్నాయి.

పెళ్లయిన కొత్తలో ఆనియెల్లో ఒక పాత లీవర్ మిషను కొనుక్కొచ్చాడు. ఒక ఆదివారం పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా దాని స్ప్రింగు విప్పి, బిగించి, పొడి ఒక పిసరు సన్నం చేసి, ఒక పిసరు బరక చేసి, చేసిన ప్రతి కప్పూ ఆమె నోటికి అందించాడు. ఇందులో ఏముంది చెప్పు, ఇందులో ఏముంది చెప్పు అని ప్రాణం తీశాడు. కాఫీ ఉంది అంటే నవ్వాడు. ఆ రాత్రి నిద్రపట్టక ఇద్దరూ డాబా మీద కూర్చుని తెల్లారేదాకా కబుర్లు చెప్పుకున్నారు. అప్పుడు కొన్న మిషను ఆనందం కోసం కొన్నది. ఇప్పుడు కొంటున్నవి అలాంటివి కావు. ప్రతి కొత్త పెట్టె విప్పుతున్నప్పుడు అతని మొహంలో కనిపించే ఆశ, మొదటి గుటకతో పోవడం ఆమె తలుపు చాటునుంచి చూస్తూనే ఉంది. అడిగితే ఆ ఆశ కూడా ఉండదని అడగలేదు.

డొన్ ఫెర్రాంతె వచ్చాడు. వేపుడు కొట్టు యజమాని, బక్కపలచటి మనిషి, మాట నెమ్మది. లోపలికి వెళ్లి శవం నుదుటిని ముద్దుపెట్టుకుని, బయటికొచ్చి ఎర్సీలియా చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు తన టోపీ అంచు నిమురుకున్నాడు.

"మీ ఆయనే కదా కాఫీ తెస్తున్నాడు?" అన్నాడు.

అవునంది.

"మంచిది. వీతో నాతో ఎప్పుడూ ఒక మాట అనేవాడు. నాకు కళ్లు పోయినా ఫరవాలేదు యజమానీ, పక్కన ఆనియెల్లో ముక్కుంటే డ్రమ్ము నడిపేస్తాను అని." గొంతు సవరించుకున్నాడు. "సమాధి దగ్గర చెప్పే మాట కాదమ్మా ఇది. ఇక్కడే చెప్తాను, వీతో ఇంకా ఇంట్లో ఉండగానే. కాఫీ అయ్యాక అందరి ముందూ చెప్తాను. డ్రమ్ము ఇక మీవాడిదే."

ఆ మాట కోసం ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఎదురుచూశారో ఎర్సీలియాకి తెలుసు. సంతోషం రాలేదు. డ్రమ్ము దగ్గర చెవితోనూ కంటితోనూ ఎన్నాళ్లు నెట్టుకొస్తాడు? ఒక బస్తా మాడితే దాచొచ్చు, రెండోది మాడితే? ఇప్పుడే, ఈ కుర్చీ పక్కనే వంగి, అయ్యా మీరు అనుకుంటున్నది అతని దగ్గర లేదు, కొన్నాళ్లు ఆగండి, తిరిగి వస్తుందేమో చూద్దాం అని చెప్పేస్తే? చెప్తే మొగుడి పరువు మొగుడికి తెలియకుండా తీసేసినట్టు. చెప్పకపోతే అతన్ని చేజేతులా గోతిలోకి పంపినట్టు.

"డొన్ ఫెర్రాంతె, ఒక్క మాట—"

అతను తలెత్తాడు. మంచి కళ్లు. ఎవరినైనా క్షమించేసేలా ఉన్నాయి, అందుకే ఆమెకి ఇంకా భయమేసింది.

"ఈ కుర్చీ కాలు కదులుతోంది. వేరేది వెయ్యనా?"

అక్కర్లేదన్నాడు.

మూలన తిత్తీనా జపమాల మొదలుపెట్టింది, ఆడవాళ్లు గొంతు కలిపారు. మధ్యలో డొన్నా క్లెలియా లేచి లోపలికి వెళ్లి మొగుడి కోటు కాలరు సరిచేసి వచ్చింది. మళ్లీ లేచింది, మళ్లీ సరిచేసింది. ఎర్సీలియా ఆవిడని పట్టుకుని కూర్చోబెట్టింది. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మొగుడి అడుగులే. నిండు కుండ పట్టుకున్నవాడిలా నిదానంగా వేస్తున్నాడు. ఎర్సీలియా ఎదురెళ్లి తలుపు తన వెనకగా దగ్గరికి వేసింది.

ఆనియెల్లో తెల్ల చొక్కా వేసుకున్నాడు, నల్ల టై కట్టుకున్నాడు. రెండు చేతులతో పాత గుడ్డ చుట్టి ఆ పెద్ద కుండని పట్టుకున్నాడు. కొమ్ముకి కాగితం టోపీ బిగించి ఉంది. ఆ టోపీ మడత ఎంత పొందిగ్గా ఉందంటే ఎర్సీలియాకి చూస్తూంటే ఏడుపొచ్చింది.

"బాగా కుదిరింది," అన్నాడు. నెలల తర్వాత అతని నోట ఆ మాట. "మిషన్లన్నీ దండగ, ఎర్సీ. అమ్మ చెప్పిందే నిజం. మర చేత్తో తిప్పి పొడి ఆడించాను. దిగుతుంటే రంగు చూడాల్సింది నువ్వు."

"మొదటి రెండూ పారబోశావా?"

"పారబోశాను. మూడోదే ఇది. రుచి చూశాను కూడా."

"వాసన చూశావా?"

అడిగేసింది. మాడిన చొక్కా నాటినుంచీ ఇద్దరి మధ్యా అడ్డంగా ఉన్న మాట ఆ మెట్ల మీద నోట్లోంచి వచ్చేసింది. ఆనియెల్లో కదల్లేదు. లోపల జపం వినిపిస్తోంది.

"చూశాను," అన్నాడు.

"ఆనియే, కిందికి పోదాం రా. మనం రోజూ వాడే చిన్న కుండలో మళ్లీ చేద్దాం. నేను పక్కన నిలబడతాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, గ్యాసు అయిపోయిందందాం—"

"నాకు కాఫీ తెలీదంటావా?"

గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. మోకాళ్ల మీద పడి అడుగుతున్నట్టుంది ఆ గొంతు. కాదు, నీకు తెలుసు అనమని అడుగుతున్నాడు. ఆమె అతని చేతుల్లోని కుండ మీద చేయి వేసింది. కాగితం టోపీని కాస్త ఎత్తి చూస్తే తేలిపోతుంది. అతను కుండని వెనక్కి లాక్కున్నాడు.

తలుపు తెరుచుకుంది. డొన్నా క్లెలియా నిలబడి ఉంది.

"వచ్చావా నాయనా," అంది. "రా. ఆయన కూడా నీ కోసం చూస్తూనే ఉన్నాడు."

*

ఆనియెల్లో గది మధ్యలో నిలబడ్డాడు. ఎర్సీలియా పళ్లెం పట్టుకుంది. జపం ఆగింది. అందరూ కుర్చీల్లో కాస్త ముందుకి జరిగారు. పొద్దుటినుంచి ఎవరి కడుపులోనూ ఏమీ పడలేదు. పైగా వచ్చింది ఎవరి చేతి కాఫీయో అందరికీ తెలుసు.

అతను కాగితం టోపీ తీశాడు.

ముందు ఎర్సీలియాకి తగిలింది. కుండకి దగ్గరగా ఉన్నది ఆమే మరి. వేడి ఆవిరితో కలిసి ఘాటుగా వచ్చింది, పాత దుప్పట్లు విప్పినప్పుడు వచ్చే వాసన, తుమ్ము వచ్చేంత. దాని అడుగున ఎక్కడో మంచి కాఫీ ఉంది, కానీ ఇక అది ఎవరికీ అక్కర్లేదు. చూస్తూండగానే గదంతా కమ్ముకుంది. కిటికీ దగ్గర ఎవరో దగ్గు మింగారు.

ఆనియెల్లో పోస్తున్నాడు. ఒక్క చుక్క కింద పడకుండా, అన్ని కప్పుల్లోనూ ఒకే ఎత్తుకి పోస్తున్నాడు. మొదటి కప్పు డొన్నా క్లెలియాకి వంగి అందించాడు.

ఆవిడ కప్పుని మొహం దగ్గరికి తెచ్చుకుంది. ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఓదార్పు కాఫీ ఎలా తాగాలో అలాగే తాగింది, అడుగుదాకా.

"దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు," అంది.

పెద్దావిడ తాగాక మిగిలినవాళ్లు తాగకుండా ఎలా ఉంటారు? ఒకరి తర్వాత ఒకరు తాగారు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అందరూ కప్పుల్లోకి చూసుకుంటూ గుటకలు వేశారు, ఒక ముసలాయన కళ్లు గట్టిగా మూసుకుని ఒకే గుక్కలో మింగేశాడు. బాగుందని ఎవరూ అనలేదు. బాగాలేదని అసలే అనలేదు.

తిత్తీనా వంతు వచ్చింది. కప్పు పెదవిదాకా తెచ్చి, ఆగి, ఎర్సీలియా వైపు నిప్పులు కక్కుతూ చూసింది. నోరు తెరిచింది. కలరా ఉండలు వేసినదాన్ని కడిగి ఆరేసే మాట ఆ నాలుక మీద ఉందని కోడలికి తెలుసు. అనమని మనసులో మొక్కింది. తనని తిట్టనీ, పదిమందిలో తిట్టనీ, గదిలో ఉన్న తప్పంతా తన నెత్తిన పడనీ అనుకుంది. కానీ తిత్తీనా కళ్లు కోడలి మీంచి కొడుకు మీదికి వెళ్లాయి. కొడుకు కుండ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ ఆవిరి అతని మొహం మీదికే పోతోంది. అతను కనుబొమ్మ కూడా ముడవలేదు. తల్లి అలా చూస్తూ ఉండిపోయింది. మిషన్లు, మర, సీసా నీళ్లు అన్నీ ఆవిడకి ఒక్కసారిగా అర్థమైనట్టున్నాయి. తెరిచిన నోరు మూసేసి, కాఫీ తాగేసి, కప్పు ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ నోరు అలా మూసుకోవడం ఎర్సీలియా ఎన్నడూ చూడలేదు.

డొన్ ఫెర్రాంతె అందరికన్నా నిదానంగా తాగాడు. నిదానంగా తాగడం అతని వృత్తి. తాగి, ఖాళీ కప్పు తిప్పి చూసి అన్నాడు.

"ఆనియే, ఇది ఏ గింజ?"

మామూలుగా అడిగినట్టే అడిగాడు. తప్పించుకోవడానికి దారి చూపించాడో, పరీక్ష పెట్టాడో ఎర్సీలియాకి ఇప్పటికీ తెలియదు.

ఆనియెల్లో మొహం వెలిగింది. డ్రమ్ము దగ్గర గురువు అడిగేవాడు అలాగే. అతను తన కోసం కొంచెం పోసుకుని, కప్పుని ముక్కు కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. ఆగాడు. మళ్లీ పీల్చాడు.

"పోయిన నెల వచ్చిన కొండ గింజ, యజమానీ. డొన్ వీతో తన చేత్తో వేయించిన ఆఖరి బస్తాలోది. ముందు కాల్చిన రొట్టె తగులుతుంది. దాని వెనక నల్ల చాక్లెట్టు. కాస్త చల్లారనిస్తే చివర్లో ఎండు అంజూరం, సన్నగా, ఉందో లేదో అన్నట్టు."

ఆ బస్తా దించినప్పుడు గురువు చెప్పింది అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. ఆ గదిలో కలరా ఉండల వాసనకి కళ్లు చెమర్చి కూర్చున్నవాళ్లంతా విన్నారు. డొన్నా క్లెలియా చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆనియెల్లో కళ్లు తెరిచాడు. అవును, అంజూరమే అనే మాట కోసం చూశాడు. డొన్ ఫెర్రాంతెని చూశాడు, అతను టోపీ అంచు నిమురుకుంటున్నాడు. తల్లిని చూశాడు, తల్లి ఒళ్లోని కప్పుని చూసుకుంటోంది. ఒక్కొక్క మొహమూ అతను చూడగానే కిందికి దిగిపోయింది. చివరికి భార్య దగ్గర ఆగాడు. పళ్లెంలో మిగిలిన ఆఖరి కప్పు ఆమెది. ఆమె ఇంకా తాగలేదు.

"ఎర్సీ," అన్నాడు. "నువ్వు చెప్పు. ఎలా ఉంది?"

ఎర్సీలియా కప్పు తీసుకుని తాగింది. అడుగుదాకా తాగింది. అంజూరం అంటే చాలు. ఒక్క మాట. గదిలో అందరికీ అది అబద్ధమని తెలుసు, అందరూ దాన్ని నిజంలాగే ఇంటికి పట్టుకుపోతారు, డొన్ ఫెర్రాంతె కూడా బహుశా ఏమీ అనడు. ఆ తర్వాత ఇతను ఇంకో మిషను కొంటాడు. ఇంకో మర కొంటాడు. ప్రతి పెట్టె విప్పుతూ అదే మొహం పెడతాడు, ఒక్కడే. ఆ ఒంటరితనం ఆమె ఇక చూడలేకపోయింది.

"కలరా ఉండల వాసన వస్తోంది, ఆనియే," అంది.

అతను విన్నాడు. కోప్పడలేదు. కప్పుని మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి కళ్లు తెరిచే పీల్చాడు, పీల్చి ఆగి, తల కొంచెం వంచి, మళ్లీ పీల్చాడు. కుండ మూతి మీదికి వంగి పీల్చాడు. ఆవిరి తగిలి అతని చెంపలు తడిశాయి. తలెత్తి గది చుట్టూ చూశాడు.

"అందరికీనా?" అన్నాడు.

కాదనేవాళ్లు ఒక్కరు లేకపోయారు.

డొన్ ఫెర్రాంతె లేచాడు. కాఫీ అయ్యాక చెప్తానన్న మాట కోసం ఎర్సీలియా చూసింది, బుద్ధి లేని ఆశ. అతను డొన్నా క్లెలియా చేయి ముద్దుపెట్టుకున్నాడు, లోపలి గది వైపు తిరిగి శిలువ గుర్తు వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆనియెల్లో దగ్గర ఆగి, కన్నకొడుకు భుజం మీద వేసినట్టు చేయి వేశాడు.

"రేపు డ్రమ్ము నేను వెలిగిస్తాలే," అన్నాడు మెల్లిగా. "నువ్వు ఇంట్లో పడుకో."

"ఎల్లుండి రానా?" అన్నాడు ఆనియెల్లో.

డొన్ ఫెర్రాంతె అతని భుజం రెండుసార్లు తట్టి, టోపీ పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్లిపోయాడు.